మరుపు జబ్బును చదివిన మహనీయుడు డాక్టర్ సోలమన్ కార్టర్ ఫుల్లర్

మన ఊళ్ళల్లో వయసు మళ్ళినవాళ్ళు చెప్పిందే మళ్ళీ చెబుతుంటే చాదస్తం అని నవ్వేస్తాం. అన్నం తిన్న సంగతి మరచి మళ్ళీ పెట్టమంటే విసుక్కుంటాం. కానీ కన్నకొడుకునే ఎవరు నాయనా నువ్వు అని అడిగిన రోజున ఇంట్లో అందరి గుండె చెరువవుతుంది. ఇది చాదస్తం కాదు, మెదడుకు వచ్చే జబ్బు. దీన్ని డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్ వ్యాధి. ఆ పేరు ఒక జర్మన్ వైద్యుడిది. ఆయన ప్రయోగశాలలో పనిచేసి, ఆ వ్యాధి గురించి అమెరికా వైద్యులకు వివరంగా చెప్పిన నల్లజాతి శాస్త్రవేత్త ఒకరున్నారు. ఆయనే డాక్టర్ సోలమన్ కార్టర్ ఫుల్లర్. మన పాఠ్యపుస్తకాల్లో కనిపించని ఆయన జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో పరిచయం చేయాలని మేము అనుకున్నాం.

ఫుల్లర్ తాతగారు అమెరికాలోని వర్జీనియాలో బానిస. కష్టపడి సంపాదించిన డబ్బుతో తన స్వేచ్ఛను, తన భార్య స్వేచ్ఛను తానే కొనుక్కున్నారు. మనిషి తన సొంత ఒంటికి వెల కట్టి కొనుక్కోవలసిన కాలమది. ఆ తరువాత 1852లో ఆ కుటుంబం ఆఫ్రికా పశ్చిమ తీరంలోని లైబీరియాకు వెళ్ళి స్థిరపడింది. అమెరికా నుంచి వచ్చిన నల్లజాతివారు స్థాపించుకున్న దేశం అది. అక్కడి మన్రోవియా నగరంలో 1872 ఆగస్టు 11న ఫుల్లర్ పుట్టారు. తండ్రి కాఫీ తోటల యజమాని, ప్రభుత్వ అధికారి. తల్లి తన కొడుకుతో పాటు చుట్టుపక్కల పిల్లలకు కూడా చదువు చెప్పడానికి ఒక బడి నడిపారు. ఆమె తల్లిదండ్రులు వైద్యసేవ చేసిన మిషనరీలు. వైద్యం మీద ఆసక్తి ఫుల్లర్‌కు ఆ వైపు నుంచే వచ్చింది.

1889లో, ఇంకా పదిహేడేళ్ళు నిండీ నిండని వయసులో, చదువు కోసం సముద్రం దాటి అమెరికా వచ్చారు. నార్త్ కరోలినాలోని లివింగ్‌స్టన్ కాలేజీలో 1893లో డిగ్రీ పూర్తి చేశారు. 1897లో బోస్టన్ యూనివర్సిటీ నుంచి డాక్టరు పట్టా అందుకున్నారు. తాతను బానిసగా చూసిన దేశంలోనే మనవడు డాక్టరయ్యారు.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్‌బరో మానసిక రోగుల ఆసుపత్రిలో చేరి, కొద్దికాలంలోనే అక్కడ పాథాలజిస్టు అయ్యారు. చనిపోయిన రోగి శరీరాన్ని పరీక్షించి, జబ్బుకు కారణం వెదకడం పాథాలజిస్టు పని. ఆ రోజుల్లో పిచ్చి అంటే పాపఫలమనో, వంశదోషమనో చాలామంది అనుకునేవారు. ఫుల్లర్ మాత్రం జవాబు మెదడులోనే ఉండాలని నమ్మారు. మెదడు ముక్కలను పల్చగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద గంటల తరబడి చూసేవారు.

ఇంకా నేర్చుకోవాలన్న తపన ఆయనను 1904లో జర్మనీకి తీసుకువెళ్ళింది. మ్యూనిక్‌లోని రాయల్ సైకియాట్రిక్ ఆసుపత్రిలో డాక్టర్ అలోయిస్ అల్జీమర్ తన ప్రయోగశాలలో పనిచేయడానికి ఐదుగురు విదేశీయులను ఎంచుకున్నారు. వారిలో ఫుల్లర్ ఒకరు. వెండి లవణాలతో మెదడు ముక్కలకు రంగు వేస్తే, మామూలుగా కనిపించని సన్నని పోగులు కూడా నాడీకణాల్లో స్పష్టంగా కనిపిస్తాయి. అలాంటి పద్ధతులన్నీ ఆయన అక్కడ ఒంటపట్టించుకున్నారు. 1905లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాల్ ఎర్లిక్ అనే మహా శాస్త్రవేత్తను కలుసుకున్నారు. ఆ ఎర్లిక్‌కే 1908లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఫుల్లర్ అమెరికా తిరిగి వచ్చాక, 1906లో అల్జీమర్ ఒక సభలో ఔగుస్టె అనే స్త్రీ కేసును వివరించారు. యాభై ఒక్క ఏళ్ళకే జ్ఞాపకశక్తి పోగొట్టుకుని ఆసుపత్రిలో చేరిన మనిషి ఆమె. చనిపోయాక ఆమె మెదడులో రెండు మార్పులు కనిపించాయి. నాడీకణాల బయట గడ్డల్లాంటి ఫలకాలు, కణాల లోపల పీచుల చిక్కుముడులు. 1910లో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు స్థిరపడింది.

ఫుల్లర్ కూడా ఊరుకోలేదు. ముసలితనపు మతిమరుపు ఉన్నవారి మెదళ్ళలో, సిఫిలిస్ వల్ల పక్షవాతం వచ్చినవారి మెదళ్ళలో, తాగుడుకు బానిసలైనవారి మెదళ్ళలో ఈ పోగులు ఎలా మారతాయో పోల్చి చూసి 1907లో ప్రచురించారు. 1911లో వృద్ధుల మెదళ్ళలోని ఫలకాల గురించి రాశారు. 1912లో వచ్చిన వ్యాసం అన్నిటికంటే ముఖ్యమైనది. అందులో తాను చూసిన ఒక రోగి కేసును వివరించి, అప్పటిదాకా ప్రపంచంలో నమోదైన కేసులన్నీ ఒకచోట చేర్చి సమీక్షించారు. అల్జీమర్ రాసిన మొదటి కేసును ఇంగ్లీషులోకి తెచ్చింది కూడా ఆయనే.

అందరూ అన్నదానికి తల ఊపకపోవడం ఆయన గొప్పతనం. రక్తనాళాలు గట్టిపడటం వల్లే ఈ జబ్బు వస్తుందని చాలామంది వైద్యులు చెప్పేవారు. తాను చూసిన మెదళ్ళు ఆ మాటకు సాక్ష్యం ఇవ్వడం లేదని ఫుల్లర్ రాశారు. ఫలకాలు కనిపించినంత మాత్రాన అవే జబ్బుకు మూలమని తేల్చేయడానికి కూడా ఆయన ఒప్పుకోలేదు. ఈ ఫలకాల్లో ఉండే అమైలాయిడ్ అనే ప్రోటీను 1984లో గాని బయటపడలేదు. దాన్ని తొలగించే మందులకు 2023, 2024లో అమెరికాలో అనుమతులు వచ్చాయి. అవి జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయే గాని నయం చేయవు. నూరేళ్ళ కిందట ఫుల్లర్ వేసిన ప్రశ్నకు పూర్తి జవాబు ఇంకా దొరకలేదు.

1909లో ఆయన మెటా వారిక్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆమె పారిస్‌లో చదువుకున్న గొప్ప శిల్పి. ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో ఇల్లు కట్టుకోబోతే, నల్లవాళ్ళు తమ వీధిలోకి రాకూడదని ఇరుగుపొరుగువారు సంతకాలు సేకరించారు. ఆ దంపతులు వెనుకడుగు వేయలేదు. అక్కడే ఇల్లు కట్టి ముగ్గురు కొడుకులను పెంచారు.

వెస్ట్‌బరోలో రెండు దశాబ్దాలకు పైగా పనిచేశాక, 1919లో ఫుల్లర్ పూర్తికాలం బోధనకే బోస్టన్ యూనివర్సిటీకి వెళ్ళారు. 1928 నుంచి 1933 వరకు నరాల వైద్య విభాగం బాధ్యతంతా ఆయనే మోశారు. కానీ విభాగాధిపతి అన్న హోదా మాత్రం ఇవ్వలేదు. జీతం కూడా తోటి తెల్లవారి కంటే తక్కువే. 1933లో తనకంటే కింది స్థాయిలో ఉన్న ఒక తెల్లజాతి అధ్యాపకుడికి ప్రొఫెసర్ పదవి ఇచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఫుల్లర్ ఉద్యోగం వదిలి బయటకు వచ్చేశారు. 1937లో గౌరవ ప్రొఫెసర్ బిరుదు ఇచ్చారు. కుర్చీ ఇవ్వాల్సిన రోజున ఇవ్వకుండా, వెళ్ళిపోయాక బిరుదు ఇచ్చారన్నమాట. తన రంగు అడ్డం రాకపోతే ఇంకా పైకి వెళ్ళి ఉండేవాడినని ఆయన తరువాత బాధపడ్డారు.

ఆయన పని మాత్రం ఆగలేదు. అలబామాలోని టస్కెగీలో నల్లజాతి మాజీ సైనికుల కోసం 1923లో ఆసుపత్రి తెరిచినప్పుడు, అక్కడ పనిచేయబోయే నల్లజాతి యువ వైద్యులకు ఆయనే శిక్షణ ఇచ్చారు. సిఫిలిస్‌ను ఎలా గుర్తించాలో నేర్పి పంపారు. తనకు దక్కని చోటు తన వెనుకవాళ్ళకైనా దక్కాలని తపించిన మనిషి ఆయన. వృద్ధాప్యంలో చక్కెర వ్యాధి ఆయన చూపును మింగేసింది. జీవితమంతా మైక్రోస్కోపులో చూసిన కళ్ళకు చీకటి కమ్మింది. అయినా రోగులను చూడటం మానలేదు. 1953 జనవరి 16న, ఎనభై ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఇప్పుడు బోస్టన్‌లో ఒక మానసిక ఆరోగ్య కేంద్రానికి ఆయన పేరు ఉంది. ఫ్రేమింగ్‌హామ్‌లో ఒక బడికి ఫుల్లర్ దంపతుల పేరు పెట్టారు. పొమ్మని సంతకాలు పెట్టిన ఊరే పేరు పెట్టుకుంది.

మిత్రులారా! ప్రతిభ ఉంటే చాలు, అన్నీ వాటంతట అవే వస్తాయని మనకు తరచూ చెబుతుంటారు. ఫుల్లర్ జీవితం చదివాక ఆ మాట సగమే నిజమని మాకు అర్థమైంది. ప్రతిభ ఆయనకు మైక్రోస్కోపు దాకా దారి చూపింది. కుర్చీ దగ్గర మాత్రం రంగు అడ్డం నిలిచింది. పుట్టుకను బట్టి మనిషిని కొలవడం ఎంత బాధో మన హాస్టల్లో చాలామందికి వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి చదువు ఎంత ముఖ్యమో, హక్కు అడగడమూ అంతే ముఖ్యం.

2021 నాటికి ప్రపంచంలో సుమారు 5 కోట్ల 70 లక్షల మంది డిమెన్షియాతో బాధపడుతున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో మన అవ్వాతాతలు కూడా ఉండవచ్చు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వ ఒకే మాట పదిసార్లు అడిగితే, పదకొండోసారి కూడా ఓపికగా జవాబు చెబుదాం. తిరిగి వచ్చాక స్టడీ అవర్‌లో సైన్సు పుస్తకం తెరుద్దాం. ఫుల్లర్ వదిలి వెళ్ళిన ప్రశ్న ఇంకా జవాబు కోసం ఎదురుచూస్తోంది. ఆ జవాబు చెప్పేవారు మన హాస్టల్ నుంచి ఎందుకు రాకూడదు?