వాషింగ్ మెషీన్ గుయ్‌మంటోంది కానీ తిరగట్లేదా? విప్పి చూడటమే చదువుగా ఎదిగిన జీడీ నాయుడు కథ ఇదీ!

స్విచ్ వేయగానే వాషింగ్ మెషీన్ గుయ్‌మంటుంది. డ్రమ్ మాత్రం కదలదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లకి ఇది తెలిసిన తలనొప్పే. మోటారు పోయిందనుకుని కొత్తది వేయించేస్తే జేబుకి చిల్లే. చాలాసార్లు పోయేది మోటారు కాదు, దానికి కలిపి ఉండే చిన్న కెపాసిటర్. అందుకే ముందు విప్పి చూడాలి. ఆ విప్పి చూసే అలవాటుతోనే ఓ తెలుగాయన దేశ పారిశ్రామిక చరిత్రకెక్కారు. ఆయనే జీడీ నాయుడు.

బైక్ కోసం హోటల్లో పని

పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తరతరాల క్రితమే తమిళనాట స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. బడి అంటే పడేది కాదు. ప్రైమరీ చదువుతోనే సరి.

కుర్రతనంలో ఓ బ్రిటిష్ అధికారి నడుపుతున్న మోటార్ సైకిల్ చూశారు. అంతే, ఫిదా! దాన్ని కొనడానికి కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరారు. ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టి కొన్నారు. కొన్నాక చేసిన పనేంటో తెలుసా? పార్టు పార్టు విప్పి, మళ్లీ బిగించడం. అదే ఆయన ఇంజనీరింగ్ కాలేజీ.

1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి-పళని రూట్‌లో మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్ద రవాణా సంస్థ అయింది. పేరు యూఎంఎస్.

1937.. దేశీ మోటారు

అప్పట్లో మోటార్లంటే విదేశాల నుంచి రావాల్సిందే. 1937లో డి.బాలసుందరంతో కలిసి నాయుడు మోటారు తయారుచేశారు. దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా దీన్నే చెప్పుకుంటారు. ఆ తర్వాత పంపులు, మోటార్ల తయారీలో కోయంబత్తూరు పేరు దేశమంతా మోగింది.

ఇంతకీ గుయ్‌మనేది ఎందుకు?

ఇంటికొచ్చేది సింగిల్ ఫేజ్ కరెంటు. దాంతో మోటారులో పుట్టే అయస్కాంత బలం ముందుకీ వెనక్కీ ఊగుతుందే తప్ప గుండ్రంగా తిరగదు. అందుకే లోపల రెండో వైండింగ్ పెడతారు. కెపాసిటర్ దాని కరెంటు టైమింగ్‌ని కాస్త మారుస్తుంది. రెండూ కలిస్తేనే మోటారుకి తిరిగే ఊపొస్తుంది. కెపాసిటర్ పోతే ఉత్త ఊగుడే మిగులుతుంది. ఆ చప్పుడే మనకు వినిపించే గుయ్!

సెమీ ఆటోమేటిక్, బెల్టుతో నడిచే మెషీన్లలో చెక్ చేసే వరుస ఇదీ. ముందు ప్లగ్ పీకేయాలి. బెల్టు తీసి మోటారు పుల్లీని చేత్తో తిప్పాలి. బిగుసుకుపోతే బేరింగ్ సమస్య. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తుప్పు త్వరగా పడుతుంది. మోటారు ఫ్రీగా ఉండి డ్రమ్ వైపు పట్టేస్తే అక్కడ గుడ్డ ఇరుక్కుందేమో, గేర్‌బాక్స్ పట్టేసిందేమో చూడాలి. రెండూ సాఫీగా తిరిగితే అనుమానం కెపాసిటర్ మీదే. అది ఉబ్బినా, మీటర్‌లో రీడింగ్ దాని మీద రాసిన మైక్రోఫారడ్ కంటే బాగా తక్కువొచ్చినా మార్చాల్సిందే. కొత్తది అదే మైక్రోఫారడ్‌ది ఉండాలి, వోల్టేజ్ రేటింగ్ తగ్గకూడదు. అదీ బాగుంటే అప్పుడు వైండింగ్ చెక్ చేయాలి. లో వోల్టేజ్ ఉన్నా మోటారు ఇలాగే మొండికేస్తుంది.

జాగ్రత్త! ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో ఛార్జ్ ఉండి షాక్ కొట్టొచ్చు. అలవాటు లేకపోతే మెకానిక్‌నే పిలవండి. గుయ్‌మంటున్న మోటారుని అలాగే వదిలేస్తే మాత్రం వైండింగ్ కాలిపోతుంది. అప్పుడు చిన్న ఖర్చు కాస్తా పెద్దదవుతుంది.

ప్రిన్సిపాల్ కుర్చీ వదిలేశారు

నాయుడు మోటారుతో ఆగలేదు. బ్యాటరీ సెల్స్‌తో పనిచేసే చిన్న మోటారు పెట్టి రేజర్ తయారుచేశారు. 1941లో ఐదు వాల్వుల రేడియో 70 రూపాయలకే ఇవ్వొచ్చని చూపించారు.

1944లో వ్యాపారం నుంచి తప్పుకొని సేవ వైపు మళ్లారు. 1945లో ఆయన చొరవ, విరాళాలతో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాసంస్థలు మొదలయ్యాయి. అదే నేటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. ప్రిన్సిపాల్‌గా కూర్చుని నాలుగేళ్ల కోర్సు దండగ, రెండేళ్లు చాలని వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయనా తగ్గలేదు, పదవే వదిలేశారు.

1974 జనవరి 4న కన్నుమూశారు. ఆయన వాదన మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. విజయనగరం, శ్రీకాకుళం రిపేర్ షాపుల్లో స్క్రూడ్రైవర్ పట్టి పని నేర్చుకుంటున్న కుర్రాళ్ల చేతుల్లో పెద్ద డిగ్రీలు ఉండకపోవచ్చు. కానీ పాడైంది మోటారా, కెపాసిటరా అన్నది వాళ్లు సరిగ్గా చెప్పగలిగితేనే ఓ ఇంటి డబ్బు మిగులుతుంది.