క్షమామూర్తి శ్రీ కూరత్తాళ్వాన్

మానవునకు బాహ్యశత్రువులకంటె అంతశ్శత్రువులు బలవత్తరములు. కామ క్రోధ లోభ మోహ మద మాత్సర్యములను ఆరింటిని పెద్దలు అరిషడ్వర్గమని వ్యవహరించిరి. వీనిని జయించుట యనగా హృదయమును శిలగా మార్చుకొనుట కాదు. మనస్సున పొడమిన భావము దేనివలన పొడమినదో గుర్తించి, దానిని తగిన త్రోవకు మరలించుటయే నిజమైన జయము. ఇందులకు భగవద్రామానుజుల ప్రియశిష్యులగు శ్రీ కూరత్తాళ్వానుల చరిత్రమే తార్కాణము.

కూరేశులు, శ్రీవత్సాంకమిశ్రులు అనునవి వారి నామాంతరములు. కాంచీపురమునకు సమీపమున గల కూరమను గ్రామమున, హారీత గోత్రమున, సంపన్నమగు కుటుంబమున, మకరమాస హస్తా నక్షత్రమున వారు అవతరించిరి. సంప్రదాయ గణనము ననుసరించి అది క్రీ.శ. 1010 ప్రాంతము. వారి గృహమున ప్రతిదినము అన్నదానము జరుగుచుండెను. రాత్రివేళ ఆ గృహద్వారములు మూయు చప్పుడు కాంచి వరదుని సన్నిధివరకు వినవచ్చెననియు, పెరుందేవి తాయారు ఆ ధ్వని యేమని విచారించెననియు గురుపరంపర చెప్పుచున్నది. ఆ వార్త విని వేరొకరైనచో పొంగిపోయెడివారు. కూరేశులు సిగ్గుపడిరి. తమ ఐశ్వర్యపు సవ్వడి జగన్మాత చెవిని సోకుట అపచారమని తలచి, సర్వస్వమును త్యజించి, ధర్మపత్నియగు ఆండాళమ్మతో శ్రీరంగమునకు బయలుదేరిరి.

త్రోవలో ఒక అరణ్యము తగిలెను. చీకటి పడుచున్నకొలది ఆండాళమ్మకు భయము కలిగి, దొంగలు వత్తురేమో యని అడిగెను. కూరేశులు ఆమెను పరిహసింపలేదు, గద్దింపలేదు. చేత ఏమైన ధనమున్నదా యని మాత్రము అడిగిరి. భర్త మంచినీరు త్రాగుటకై ఒక బంగారు గిన్నెను కొంగున దాచి తెచ్చితినని ఆమె చెప్పెను. దానిని తీసి పొదలలో పారవేసి, ఇక భయమునకు కారణము లేదని వారు ముందుకు సాగిరి. భయము అడవిలో లేదు, కొంగుముడిలో నున్నది. ముడి విప్పగనే భయమును వీడినది.

శ్రీరంగమున రామానుజుల సన్నిధిని కూరేశులు విద్యావంతులలో అగ్రగణ్యులైరి. బోధాయన వృత్తిని సంపాదించుటకై ఆచార్యులు కాశ్మీరమునకు వెళ్లినపుడు వెంట నుండి, దానిని చదివి హృదయస్థము చేసికొన్నది వీరే. శ్రీభాష్య రచనాకాలమున వ్రాయసకాండ్రును వీరే. ఆచార్యులు చెప్పినది తమకు సమ్మతము కానిచో గంటము నిలుపవలెనని నియమము. ఒకనాడు జీవాత్మ స్వరూపమును నిరూపించుచు, జ్ఞాతృత్వమును మాత్రము చెప్పి, భగవంతునకు శేషమగుటను చెప్పకపోవుటచే కూరేశులు గంటము నిలిపిరి. ఆచార్యులు కినుక వహించి, తామే వ్రాసికొనుడని త్రోసి లేచిపోయిరి. చూచుచున్నవారు ఇప్పుడేమి చేయుదురని కూరేశులను ప్రశ్నించిరి. స్వామి సొత్తును స్వామి తన ఇచ్చవచ్చినట్లు చేయును, సొత్తునకు విచారమేల యని వారి సమాధానము. అవమానమునకు కుందలేదు, అట్లని గంటమును కదల్పనులేదు. పిమ్మట రామానుజులు ఆలోచించి, శిష్యుని భావమే యుక్తమని గ్రహించి, తిరిగివచ్చి శేషత్వమును చేర్చి చెప్పిరి. వినయమును, సత్యనిష్ఠయు ఒకదాని కొకటి విరోధము కావని ఈ ఘట్టము చాటుచున్నది.

అటుపిమ్మట మహావిపత్తు సంభవించెను. కూరేశుల యొద్దనే చదువుకొన్న నాలూరాన్ అను నాతడు చోళరాజు కొలువున నుండెను. ఆ రాజెవరను విషయమున చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. తక్కినవారి చేవ్రాళ్లు ఎన్ని యున్నను ప్రయోజనము లేదనియు, రామానుజుని చేతను, కూరేశుని చేతను మతపత్రముపై వ్రాయింపవలెననియు నాలూరానే బోధించెనట. ఆచార్యులను కాపాడ నెంచి కూరేశులు వారి కాషాయములను తాము ధరించి, వృద్ధులగు మహాపూర్ణులతో సభకు వెళ్లిరి. తమ విశ్వాసమునకు విరుద్ధముగ వ్రాయ నిరాకరించి నేత్రములను కోల్పోయిరి. మహాపూర్ణులును చూపు కోల్పోయి, తిరుగుత్రోవలో పరమపదించిరి. రామానుజులు పశ్చిమదిశగా హొయ్సల రాజ్యమునకు తరలిపోయిరి.

కన్నులు పోయినవి, ఆచార్యులు దూరమైరి. ఇట్టి స్థితిలో కూరేశులు శ్రీరంగనాథుని సేవకు వెళ్లిరి. రామానుజ సంబంధము గలవారిని లోనికి విడువరాదని కావలివాడు అడ్డగించెను. మరియొక కావలివాడు, వీరు అందరికిని మంచివారు, వీరిని పోనిమ్మనెను. మెప్పుమాట కదా యని కూరేశులు ద్వారము దాటలేదు. తమ మంచితనము ఆచార్య సంబంధమును తొలగించునదైనచో అట్టి మంచితనము తమకు వలదని వెనుదిరిగిరి. నిందను సహించువారు కొందరుందురు. పొగడ్తను సహించి నిలుచువారు అరుదు. అనంతరము వారు తిరుమాలిరుంజోలైకి వెళ్లి, అందు వెలసిన స్వామిపై సుందరబాహుస్తవమును రచించిరి.

సంప్రదాయము ననుసరించి పండ్రెండేండ్లకు రామానుజులు తిరిగివచ్చిరి. చూపులేని శిష్యుని గాంచి దుఃఖించి, వరదరాజస్వామిని స్తుతించి నేత్రములను వేడుమని ఆజ్ఞాపించిరి. కూరేశులు వరదరాజస్తవమును విన్నవించిరి. స్వామి ప్రసన్నుడయ్యెను. అప్పుడు కూరేశులు కోరినది కన్నులను కాదు. తమకు లభించు సద్గతియే నాలూరానునకును లభింపవలెనని వేడిరి. ఆచార్యులు మొదట నొచ్చుకొనిరి. పిమ్మట స్వామియే కూరేశులకు తన్నును, ఆచార్యులను చూచుటకు తగిన దృష్టి నొసగెనని కొన్ని గ్రంథములు చెప్పుచున్నవి.

ఇచట గమనింపదగిన దొకటి గలదు. కూరేశులకు బాధ లేకపోలేదు. మహాపూర్ణుల వియోగము, ఆచార్య విరహము వారికి దుస్సహములే. కాని ఆ బాధను పగగా మారనీయలేదు. అపరాధి పరలోకమున ఏమగునో యను జాలి, వారి హృదయమున క్రోధమునకు చోటు లేకుండ నిండియుండెను. విద్యా ధన కులములవలన కలుగు మదత్రయమును దాటినవారని తిరువరంగత్తముదనార్ తమ రామానుజ నూఱ్ఱందాదియందు వీరిని కీర్తించుట అందుచేతనే. విష్ణుసహస్రనామములకు భాష్యము రచించిన పరాశరభట్టరు వీరి కుమారులే.

గృహస్థులకును ఈ మార్గము సాధ్యమే. భయము కలిగినపుడు కొంగుముడిని వెదకుకొనవలెను. పెద్దలు కినిసినపుడు మాట తూలక, ధర్మము తప్పక, ఓపికతో వేచియుండవలెను. కీడు చేసినవాడు జ్ఞప్తికి వచ్చినపుడు వాని మేలుకై ఒక్కసారి స్వామికి మ్రొక్కవలెను. కాంచికి వెళ్లిన యాత్రికులు వరదుని సన్నిధిలో తమ కోరికలు విన్నవించు సమయమున, అచటనే కూరేశులు ఏమి కోరిరో స్మరించిన ధన్యులగుదురు.