ఒక్క ఉత్తరంతో యూనివర్సిటీని నిలదీసిన అర్గులా

దేవుడి గురించి మాట్లాడే హక్కు ఎవరికుంది? పండితులకేనా? ఐదువందల ఏళ్ల క్రితం జర్మనీలో ఒక గృహిణికి ఈ ప్రశ్న ఎదురైంది. ఆమే అర్గులా ఫాన్ గ్రుంబాహ్.

1492 ప్రాంతంలో బవేరియాలోని ఒక పెద్ద ప్రభు వంశంలో పుట్టారు. పదేళ్ల వయసులో నాన్నగారు జర్మన్ భాషలో ఉన్న బైబిల్ కానుకగా ఇచ్చారు. 1509లో అమ్మానాన్నలిద్దరూ ప్లేగు వచ్చి కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. తర్వాత పెళ్లి, నలుగురు పిల్లలు.

అప్పటికే మార్టిన్ లూథర్ చర్చి పద్ధతులను ప్రశ్నిస్తున్నాడు. ప్రొటెస్టెంట్ మార్గానికి అదే మొదలు. బవేరియాలో మాత్రం ఆయన బోధలపై నిషేధం! 1523లో ఇంగోల్‌స్టాట్ యూనివర్సిటీలో ఆర్సాసియస్ సీహోఫర్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడిని లూథర్ మాటలు చెప్పాడని పట్టుకున్నారు. సజీవ దహనం చేస్తామని బెదిరించి, తన నమ్మకం తప్పని అందరి ముందూ ఒప్పించి, మఠానికి పంపేశారు.

మగవాళ్లెవరూ నోరు విప్పలేదు. అర్గులా ఊరుకోలేకపోయారు. సెప్టెంబర్ 20న యూనివర్సిటీకే ఉత్తరం రాశారు. ఆ అబ్బాయి చేసిన తప్పేంటో గ్రంథంలో చూపించమన్నారు. క్రీస్తు ఎవరినైనా జైల్లో పెట్టాడా, కాల్చాడా అని అడిగారు. తనకు లాటిన్ రాదు, జర్మన్‌లో అయితే మీ ముందుకొచ్చి వాదిస్తానన్నారు. ఆ ఉత్తరం అచ్చయి, రెండు నెలల్లోనే పదిసార్లకు పైగా మళ్లీ మళ్లీ ముద్రించారు.

మరి జవాబు? ఎప్పటికీ రాలేదు. శిక్ష మాత్రం ఇంటికొచ్చింది. భర్త ఫ్రీడ్రిక్ ఆమె మార్గంలో లేకపోయినా, భార్యను అదుపులో పెట్టలేదని ఆయన అధికారి పదవి పీకేశారు. ఇల్లు గడవడం కష్టమైంది. పోయి నూలు వడుక్కోమని ఒకరు పద్యం కట్టి ఎగతాళి చేస్తే, ఆమె పద్యంతోనే బదులిచ్చారు.

1530లో కోబుర్గ్ కోటలో లూథర్‌ను స్వయంగా కలిశారు. అదే ఏడాది భర్త పోయారు. నలుగురు పిల్లల్లో ముగ్గురు ఆమె కళ్లముందే కన్నుమూశారు.

ఆలోచించండి ఫ్రెండ్స్. ఆమెకు పదవి లేదు, పట్టా లేదు. చిన్నప్పటి నుంచీ సొంత భాషలో అర్థం చేసుకుంటూ చదివిన ఒక్క గ్రంథం ఉంది. తనకేమీ కాని ఒక కుర్రాడి కోసం నిలబడే ధైర్యం ఆమెకు అక్కడే దొరికింది.