గుట్టలకు బాట వేసిన నవాబు

చలనచిత్ర ప్రముఖుల భవనాలతో కళకళలాడే జూబ్లీ హిల్సుకు, ఫిల్మ్ నగరుకు హైదరాబాదు నడిబొడ్డు నుండి పోయేవారు చాలమంది బంజారా హిల్సు మీదుగానే పోతారు. అక్కడి రోడ్లలో అనేకం అంకెలతోనే వ్యవహారంలో వున్నాయి: ఒకటవ నెంబరు, రెండవ నెంబరు, పదవ నెంబరు. కొండచిలువల వలె మెలికలు తిరుగుతూ, ఎక్కుతూ దిగుతూ సాగే ఆ బాటలు ఒకనాడు ముళ్లపొదలూ బండరాళ్లూ తప్ప మరేమీ లేని చోట పుట్టినవి. ఆ గుట్టలపై కాపురం వుండవచ్చునని తాను వుండి చూపిన ప్రథమ ప్రముఖుడు నవాబ్ మెహదీ నవాజ్ జంగ్.

ఆయన 1894లో జన్మించారు. నవాజ్ జంగ్ అన్నది నిజాం సంస్థానంలో ప్రభువులు అనుగ్రహించే బిరుదుల కోవలోనిది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కొలువులో ఆయన క్రమక్రమంగా పైకి వచ్చి, మంత్రిమండలి కార్యదర్శిగాను, నగర పురపాలక కమిషనరుగాను పనిచేశారు.

అప్పటి నగరం పరిస్థితి తెలియనిదే ఆయన చేసిన పని విలువ తెలియదు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నది. మూడేండ్లకే ప్లేగు వచ్చింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, యిరుకు బస్తీలను తొలగించి విశాలమైన వీథులు వేయనారంభించింది. నది ఒడ్డున కిక్కిరిసిన జనానికి గాలీ వెలుతురూ కావాలి. ఎత్తయిన నేల పడమట వున్నది. కాని అది నల్లరాతి నేల. ఆ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు! అటువంటి చోట బాట వేయడమంటే గడ్డపారతో తీరే పని కాదు. బండపై మంటపెట్టి కాల్చి, నెర్రె విచ్చిన చోట సమ్మెట వేయాలి. లేదా మందుగుండు కూరాలి. రెండూ కుదరకుంటే బాటనే బండచుట్టూ తిప్పాలి. నేటి మెలికలకు మూలం అదే.

మెహదీ నవాజ్ జంగ్ తన యింటి విషయంలోను ఆ మూడవ మార్గాన్నే అనుసరించారు. గుట్టను చదును చేయించక, సహజమైన బండలను కట్టడంలోనే కలుపుకొని యిల్లు కట్టించారు. దానికి బంజారా భవన్ అని పేరు. 1933లో హైదరాబాదు వచ్చిన విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు ఈ గుట్టలపై ఆయన అతిథిగా వుండి, యిక్కడి ప్రకృతిపై ఒక కవిత కూడా వ్రాశారు. ఊరికి దూరంగా రాళ్లలో కాపురమేమిటని సందేహించిన వారికి అంతకన్న మంచి సమాధానం యేముంటుంది? ఉన్నతోద్యోగులూ నవాబులూ ఒకరి వెనుక ఒకరుగా గుట్టలెక్కారు. వారి వెంట రోడ్డు, రోడ్డు వెంట నీరు, దీపాలు వచ్చాయి.

ఇక ఆ పేరు సంగతి. బంజారాలు, అనగా మన లంబాడీలు, రాళ్లలో గూడు కట్టుకొని కూర్చున్న జాతి కాదు. బాటలేని అడవులలో బాట యెరిగిన వారు. వేలాది యెద్దులపై ఉప్పు, ధాన్యం మోసుకొని దక్కను నలుమూలలకు బిడారులు నడిపినవారు. మొగలుల సైన్యాలకు సైతం తిండి చేర్చినది వారే. 1874లో వాడి నుండి సికిందరాబాదుకు రైలు వచ్చింది, పక్కారోడ్లు పెరిగాయి, ఎద్దుల బిడారుకు గిరాకీ పోయింది. బ్రతుకుతెరువు చెడి గుడిసెలు వేసుకొన్న చోటికి మళ్లీ రోడ్డే వచ్చింది. నవాబుగారు తన యింటికి వారి పేరు పెట్టడం ఆదరమే, సందేహం లేదు. అయితే పేరు నిలిచినంత గట్టిగా గుడిసెలు నిలువలేదు. గుట్టల ధర పెరిగినకొద్దీ ఆ కుటుంబాలు పక్కకు జరుగుతూ పోయాయి. బాట వేసినవారి చరిత్రలో ఈ పుటను దాటవేయడం న్యాయం కాదు.

1948లో సంస్థానం భారతదేశంలో కలిసింది. పలువురు నవాబులకు దారి మూసుకుపోయిన ఆ సమయంలో ఆయనకు కొత్త దారి దొరికింది. 1952లో బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గంలో చేరారు. 1955లో నగరంలో ఏర్పడిన క్యాన్సరు ఆసుపత్రి ఆయన చొరవ ఫలితం. నేటికీ పేదరోగులు ఆయన పేరనే దానిని పిలుచుకొంటున్నారు. 1960 మే 1న గుజరాత్ రాష్ట్రం అవతరించగా, దాని ప్రథమ గవర్నరుగా నియుక్తులై 1965 వరకు ఆ పదవిలో వున్నారు. గాంధీనగర్ అనే సరికొత్త రాజధానికి సన్నాహాలు సాగిన కాలమది. బీడుభూమిపై ఊరు పుట్టించే శ్రమ యెటువంటిదో ఆయనకు వేరుగా చెప్పవలసిన పని లేకపోయి వుంటుంది.

1967లో ఆయన కన్నుమూశారు. అప్పటికి తెలుగు చిత్రాలు అధికంగా మద్రాసులోనే తయారయ్యేవి. తొమ్మిదేండ్ల తర్వాత, 1976లో, బంజారా గుట్టలపై అక్కినేని నాగేశ్వరరావు స్థాపించిన అన్నపూర్ణా స్టూడియో ప్రారంభమయింది. ఆ తర్వాత ఒకరొకరుగా నటులు, దర్శకులు, నిర్మాతలు మద్రాసు విడిచి వచ్చి, మరికొంత పడమటికి, జూబ్లీ హిల్సు రాళ్ల మీదికి, ఎక్కసాగారు.