అలంపుర క్షేత్రోపాసకులు గడియారం రామకృష్ణశర్మ

కృష్ణా తుంగభద్రల చేరువలో జన్మించిన మాబోటివారికి అలంపురం పరాయి ఊరు కాదు. జూపాడు బంగ్లానుండి నందికొట్కూరు మీదుగా కర్నూలు చేరి, తుంగభద్రను దాటితే జోగులాంబ సన్నిధి. శ్రీశైలానికి పశ్చిమద్వారమని కీర్తి గాంచిన ఆ క్షేత్రంలో బాలబ్రహ్మ, తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మాదులైన నవబ్రహ్మల ఆలయాలు నేటికీ యథాస్థానంలో నిలిచి ఉన్నాయంటే, అందుకై జీవితమంతా శ్రమించిన వారిలో గడియారం రామకృష్ణశర్మగారిని ముందుగా స్మరించుకోవాలి.

శర్మగారు 1919 మార్చి 6న అనంతపురం జిల్లాలో జన్మించి, అలంపురంలో స్థిరపడ్డారు. అవధాన విద్యలోను, సాహిత్యంలోను పేరెన్నికగన్న వేలూరి శివరామశాస్త్రిగారి వద్ద శిష్యరికం చేశారు. ఆనాడు అలంపురం నైజాం ఏలుబడిలో రాయచూరు జిల్లాకు చెందిన ఊరు. తెలుగు చదువుకు ఆదరణ లేని ఆ కాలంలో ఆయన భాషకోసం, నిజాం పాలననుండి విముక్తికోసం పనిచేశారు. సంఘసంస్కరణ విషయంలోనూ వెనుదీయలేదు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు వార్షికోత్సవాలను ఆ చిన్న ఊరిలో జరిపించారు. ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ విచ్చేశారు. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించినది ఆ సభలలోనే.

ఆయన అసలు తపస్సు శాసనాల మీద సాగింది. దేవాలయానికి వెళ్ళినవారు మూర్తిని చూస్తారు, తీర్థం పుచ్చుకొంటారు, తిరిగివస్తారు. మండపస్తంభం మీది అక్షరాలను ఎవరు చూస్తారు? శర్మగారు చూశారు. లక్ష్మణరాయ పరిశోధక మండలి పక్షాన ‘తెలంగాణా శాసనములు’ రెండవ భాగాన్ని పరిష్కరించారు. బాదామి చాళుక్యుల నాటి అలంపుర చరిత్రను తెలుగువారికి తెలిపారు. అక్కడి శాసనాలలో విజయాదిత్య మహారాజు కాలానిదొకటి ఉన్నది. రాజాజ్ఞచేత ఈశానాచార్యులు క్షేత్రానికి ప్రాకారం కట్టించినట్లు అందులో ఉన్నది. అది శకవర్షం 635, అనగా క్రీ.శ. 713. పదమూడు శతాబ్దాల క్రిందట ఈ దేవతలకు రక్షణగా గోడ కట్టించినది కూడా ఆనాటి ప్రభుత్వమే.

1963 జూలై 24న నెహ్రూ పండితుడు శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. నిండు జలాశయ మట్టం 885 అడుగులు. ఆ నీరు వెనుకకు తన్నితే కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలోని ఊళ్ళు, ఊళ్ళతోబాటు గుళ్ళు మునుగుతాయి. కూడవెల్లి సంగమేశ్వరం, రూపాల సంగమేశ్వరం, పాపనాశి ఆలయాలు, మాకు సమీపంలోని సప్తనదీ సంగమేశ్వరం, అన్నీ ముంపులోనివే. అలంపురానికీ ముప్పు తప్పలేదు.

ఇక్కడ ఆగమశాస్త్రం చెప్పే విషయం ఒకటి మనవి చేయాలి. ఆలయాన్ని కదల్చడమంటే రాళ్ళను మోయడం కాదు. ముందుగా మూర్తిలోని కళను కుంభంలోకి ఆకర్షించాలి, బాలాలయంలో నిలిపి అర్చించాలి, కొత్త స్థలంలో పునఃప్రతిష్ఠ జరపాలి. ఇదంతా శాస్త్రసమ్మతమే. అయితే నదీసంగమాన్ని ఏ కుంభంలో ఆవాహన చేయగలం? స్థలమాహాత్మ్యం స్థలాన్ని విడిచి రాదు. నా బాల్యంలో తండ్రిగారి వెంట కూడవెల్లి వెళ్ళి సంగమంలో మునిగాను. తరువాతి కాలంలో పురావస్తుశాఖవారు ఆ ఆలయపు రాళ్ళకు అంకెలు వేసి, విప్పి, అలంపురంలో మరల పేర్చారు. ఎంతో శ్రద్ధతో చేశారు, వారికి నమస్కారం. కాని అక్కడ నిలిచినపుడు నా చెవులు నీటి చప్పుడుకోసం వెదకుతాయి.

అలంపురానికి ఆ గతి పట్టకూడదని శర్మగారి ఆరాటం. ఆ రాళ్ళు ఎవరివో, ఎంత ప్రాచీనమైనవో అప్పటికే ఆయన గ్రంథస్థం చేసి ఉంచినందున, ఆలయాల పక్షాన వాదించడానికి ఆధారం దొరికింది. భక్తి ఒక్కటే ఉంటే అధికారులు సానుభూతి చూపి ఊరుకొనేవారేమో! చివరకు నదివైపు కరకట్ట లేచింది, నవబ్రహ్మలు కదలలేదు. అది ఒక్కరి విజయమని చెప్పను. ఊరివారు, పురావస్తు శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు అందరూ కలిస్తేనే సాధ్యమైంది. పాపనాశి ఆలయాలు మాత్రం స్థానం మారి అలంపుర సమీపానికి చేరాయి. రూపాల సంగమేశ్వరుడు కర్నూలు వద్ద జగన్నాథగట్టు ఎక్కాడు.

ధ్వంసమైన పూర్వాలయం స్థానే నిర్మించిన కొత్త ఆలయంలో జోగులాంబ 2005లో ప్రతిష్ఠితురాలైంది. మరుసటి ఏడు, 2006లో, శర్మగారు పరమపదించారు. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’నకు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపురాన్ని ముంచెత్తింది. వరద తీసిన తరువాత ఒండ్రు కడుగుకొని నవబ్రహ్మలు మళ్ళీ పూజలందుకొన్నారు.

పోతిరెడ్డిపాడు మా మండలంలోనిదే. ఆ తూములగుండా పారే నీటితో సీమ పొలాలు పండుతున్నాయి. ఆ అన్నం నేనూ తింటున్నాను, కనుక ప్రాజెక్టును నిందించే నోరు నాకు లేదు. అయినా ఆ నీటిక్రింద సప్తనదీ సంగమేశ్వరుడున్నాడు. 1981 ప్రాంతంలో మునిగిన ఆయన వేపదారు లింగం తిరిగి కనబడినది 2003లో. నాటినుండి జలాశయం తగ్గిన వేసవులలో ఆలయం బయటపడితే, అర్చకులు ముందుగా గర్భాలయంలోని బురద ఎత్తిపోసి, ఆపైన అభిషేకానికి కూర్చొంటారు.