బౌలర్ల కరువులో తొలి కెప్టెన్: సీకే నాయుడు

పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురి తెలుగువాళ్లకు కొత్త పేరు కాదు. ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ నడిపే బడుల్లో ఒకటి అక్కడే ఉంది. ఆ చుట్టుపక్కల కాలనీల్లో బంతి పట్టిన కుర్రాడు ఎవరైనా రేపు ఢిల్లీ అండర్-23 జట్టుకు ఎంపికైతే, ఆడేది కల్నల్ సీకే నాయుడు ట్రోఫీలో. ఇరవై ఓవర్ల ఆటలా నాలుగు ఓవర్లు వేసి చేతులు దులుపుకునే టోర్నీ కాదది. మ్యాచ్ నాలుగు రోజులు సాగుతుంది. పొద్దున వేసిన బౌలరే సాయంత్రం మళ్లీ బంతి అందుకోవాలి. భారత క్రికెట్‌కు రేపటి బౌలర్లు తయారయ్యే చోట్లలో అదొకటి.

ఆ ట్రోఫీకి నాయుడు పేరు పెట్టింది ఆయన సిక్సర్లను తలచుకొనే కావచ్చు. కానీ బౌలర్ల కొరత ఎలా ఉంటుందో ఆయనకు తెలిసినంతగా భారత కెప్టెన్లలో చాలామందికి తెలియదు. దేశానికి తొలి టెస్టు కెప్టెన్‌గా ఆయన చేతికి వచ్చింది మంచి బౌలింగే. దాని వెనుక రెండో వరుస మాత్రం లేదు.

నాగ్‌పూర్ నుంచి ఇండోర్ దాకా

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబర్ 31న నాగ్‌పూర్‌లో పుట్టారు. కుటుంబ మూలాలు మచిలీపట్నంవి. తాత, తండ్రి న్యాయవాదులు. హిస్లాప్ స్కూల్లో చదువుతూనే క్రికెట్లో పేరు తెచ్చుకున్నారు. 1916లో బొంబాయి క్వాడ్రాంగ్యులర్ టోర్నీలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద ఫస్ట్‌క్లాస్ ఆట మొదలుపెట్టారు. తొలి పరుగులే సిక్సర్‌తో వచ్చాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

1923లో హోల్కర్ మహారాజు ఆయన్ను ఇండోర్‌కు పిలిపించి సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. తర్వాత కల్నల్ అయ్యారు. 1926 డిసెంబర్ 1న బొంబాయి జింఖానా మైదానంలో ఆర్థర్ గిల్లిగాన్ తెచ్చిన ఎంసీసీ జట్టుపై 116 నిమిషాల్లో 153 పరుగులు కొట్టారు. అందులో 11 సిక్సర్లు. భారత్ టెస్టులు ఆడగలదన్న నమ్మకం ఆ పర్యటనతో బలపడింది. రెండేళ్లకు, 1928 డిసెంబర్‌లో క్రికెట్ బోర్డు ఏర్పడింది.

ఈ భాగం అందరికీ తెలిసిందే. అయితే నాయుడు బ్యాట్స్‌మన్ మాత్రమే కాదు. మీడియం పేస్ బంతులు వేసేవారు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్లో 11,825 పరుగులతో పాటు 411 వికెట్లు ఆయన ఖాతాలో ఉన్నాయి. ఆ వికెట్లలో చాలా భాగం జట్టు అవసరం కొద్దీ వేసిన ఓవర్లలో వచ్చినవే.

లార్డ్స్‌లో నలుగురు

1932 ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు, వైస్ కెప్టెన్ లింబ్డీ యువరాజు. మహారాజు తన ఆట స్థాయి తెలిసినవాడు కాబట్టి టెస్టు నుంచి తప్పుకున్నారు. లింబ్డీ గాయపడ్డారు. అలా నాయకత్వం నాయుడికి దక్కింది.

జూన్ 25న లార్డ్స్‌లో ఆట మొదలైన కాసేపటికే ఇంగ్లండ్ 3 వికెట్లకు 19 పరుగులతో నిలిచింది. సట్‌క్లిఫ్, హోమ్స్ ఇద్దరినీ మహమ్మద్ నిసార్ బౌల్డ్ చేశాడు. వూలీ రనౌట్ అయ్యాడు. నిసార్ నిజమైన ఫాస్ట్ బౌలర్. అవతలి వైపు నుంచి అమర్ సింగ్ బంతిని రెండు వైపులా తిప్పేవాడు. మూడో పేసర్ జహంగీర్ ఖాన్. తొలి టెస్టు ఆడుతున్న జట్టుకు ఇంతకంటే మంచి బౌలింగ్ దొరకడం కష్టం.

అయినా ఇంగ్లండ్ 259 దాకా వెళ్లింది. కెప్టెన్ జార్డిన్ 79, ఏమ్స్ 65 చేశారు. స్కోరుకార్డులో బౌలింగ్ వరుస చూస్తే కారణం కొంత అర్థమవుతుంది. ఆ ఇన్నింగ్స్‌లో 105 ఓవర్లు పడితే, నలుగురే 98 వేశారు. అమర్ సింగ్ 31, నిసార్ 26, జహంగీర్ ఖాన్ 17. మిగిలిన 24 ఓవర్లు కెప్టెన్ నాయుడే వేసి 40 పరుగులకు 2 వికెట్లు తీశారు. నిసార్‌కు 5 వికెట్లు దక్కాయి. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా భారత తొలి ఇన్నింగ్స్‌లో ఎక్కువ పరుగులు, 40, నాయుడివే. రెండో ఇన్నింగ్స్‌లో అమర్ సింగ్ మరో 41 ఓవర్లు వేశాడు. ఒక్క టెస్టులో అతని భుజం మీద పడ్డ భారం 72 ఓవర్లు. అదే అమర్ సింగ్ చివర్లో బ్యాట్ పట్టి 51 పరుగులు చేశాడు. భారత టెస్టు చరిత్రలో తొలి అర్ధ శతకం ఆ బౌలర్‌దే. ఇంగ్లండ్ 158 పరుగులతో గెలిచింది.

ఆ పర్యటనలో 26 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లున్నాయి. అమర్ సింగ్ 111 వికెట్లు, నిసార్ 71, నాయుడు 65, జహంగీర్ ఖాన్ 53 తీశారు. బ్యాటింగ్‌లో నాయుడు 1,618 పరుగులు చేశారు. మరుసటి ఏడాది విజ్డెన్ ఎంపిక చేసిన అయిదుగురు క్రికెటర్లలో ఆయన ఒకరు. కెప్టెన్సీ, మొదటి వరుస బ్యాటింగ్, నాలుగో బౌలర్ పని. మూడూ ఒక్కరే మోశారు.

క్రికెట్లో బుల్‌పెన్ ఉండదు

ఈ భారం ఎంతో తెలియాలంటే అమెరికా బేస్‌బాల్‌తో పోల్చి చూడవచ్చు. అక్కడ ఆట మొదలుపెట్టిన పిచర్ అలసిపోతే మేనేజర్ బుల్‌పెన్ వైపు చూస్తాడు. అక్కడ అరడజనుకు పైగా రిలీఫ్ పిచర్లు సిద్ధంగా ఉంటారు. ఒకసారి తప్పించిన పిచర్ ఆ మ్యాచ్‌లో తిరిగి రాకూడదు. కాబట్టి ఎవరిని ఎప్పుడు మార్చాలన్నదే మేనేజర్‌కు పరీక్ష.

క్రికెట్లో ఆ వెసులుబాటు లేదు. పదకొండు మందిలో బౌలింగ్ వచ్చినవాళ్లు నలుగురో అయిదుగురో ఉంటారు. బౌలర్ గాయపడితే అతని బదులు ఫీల్డింగ్‌కు వచ్చినవాడు బంతి వేయకూడదు. కెప్టెన్ చేయగలిగిందల్లా అలసినవాడికి గంట విశ్రాంతి ఇచ్చి మళ్లీ పిలవడం. అంటే బౌలింగ్ బలం మైదానంలో తేలేది కాదు. జట్టు ఎంపికలో, అంతకు ముందు కొన్నేళ్ల తయారీలో తేలాలి. ఆ రెండూ నాయుడి చేతిలో లేవు. రాజులు, వాళ్ల మనుషులు నిర్ణయించే రోజులవి.

1933-34లో జార్డిన్ జట్టు భారత్‌కు వచ్చినప్పుడు మూడు టెస్టులకూ నాయుడే కెప్టెన్. బొంబాయిలో నిసార్ 5 వికెట్లు తీశాడు. కలకత్తా టెస్టు డ్రా అయింది. అక్కడ ఇద్దరు కొత్త స్పిన్నర్లు బరిలోకి దిగారు. ఒకరు నాయుడి తమ్ముడు, లెగ్ స్పిన్నర్ సీఎస్ నాయుడు. మరొకరు ఇండోర్ కుర్రాడు ముస్తాక్ అలీ. తర్వాత ఓపెనర్‌గా పేరు తెచ్చుకున్న ముస్తాక్ అలీ అప్పటికి ఎడమచేతి స్పిన్నర్. మద్రాసులో నిసార్ ఆడలేదు. అమర్ సింగ్ ఒక్కడే 44 ఓవర్లకు పైగా వేసి 86 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. ఆ టెస్టూ ఓటమే. నాలుగు టెస్టుల కెప్టెన్సీలో నాయుడికి మూడు ఓటములు, ఒక డ్రా మిగిలాయి.

వృథా అయిన బౌలర్లు

1936 ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్సీ మరో తెలుగువాడికి, విజయనగరం మహారాజ్‌కుమార్ విజ్జీకి వెళ్లింది. బౌలింగ్ కూడా చేయగల లాలా అమర్‌నాథ్‌ను తొలి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపేశారు. అమర్ సింగ్ లాంకషైర్ లీగ్‌లో కోల్న్ జట్టుకు ఆడుతూ టెస్టులకు వచ్చి వెళ్లేవాడు. అయినా లార్డ్స్‌లో 35 పరుగులకే 6 వికెట్లు తీసి భారత్‌కు తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం ఇచ్చాడు. రెండో ఇన్నింగ్స్‌లో భారత్ 93కే కుప్పకూలింది.

ఓవల్ టెస్టుకు పేసర్ శుటే బెనర్జీ సిద్ధంగా ఉన్నాడు. చోటు బాకా జిలానీకి దక్కింది. అల్పాహారం బల్ల దగ్గర నాయుడిని అవమానించినందుకు జిలానీకి దొరికిన బహుమతి అదని భారత క్రికెట్ చరిత్రలో స్థిరపడిన కథనం. జిలానీకి వికెట్ దక్కలేదు. బెనర్జీ తొలి టెస్టు కోసం 1949 దాకా ఆగాల్సి వచ్చింది. ముప్పై ఏడేళ్ల వయసులో ఆడిన ఆ ఒక్క టెస్టులో 5 వికెట్లు తీశాడు. అదే ఓవల్ మ్యాచ్‌లో గబ్బీ అలెన్ బంతి దెబ్బ తిని కూడా నాయుడు 81 పరుగులు చేశారు. ఆయనకు అదే చివరి టెస్టు. ఏడు టెస్టుల్లో 350 పరుగులు, 9 వికెట్లు.

ఆ తర్వాత పదేళ్లపాటు భారత్ టెస్టులే ఆడలేదు. 1940లో అమర్ సింగ్ న్యుమోనియాతో చనిపోయాడు. వయసు 29 మాత్రమే. దేశ విభజనతో నిసార్, జహంగీర్ ఖాన్ పాకిస్తాన్‌వాళ్లయ్యారు. లార్డ్స్‌లో బంతి పట్టిన ముగ్గురు పేసర్లలో స్వతంత్ర భారత జట్టుకు ఒక్కరూ మిగల్లేదు. వాళ్ల వెనుక ఎవరినీ తయారు చేసుకోలేదు.

తమ్ముడి 917 బంతులు

నాయుడు తర్వాత హోల్కర్ జట్టుకు అంకితమయ్యారు. 1945 మార్చిలో బొంబాయి బ్రాబోర్న్ స్టేడియంలో రంజీ ఫైనల్. ఫలితం తేలేదాకా ఆడాల్సిన మ్యాచ్ అది. బొంబాయి 462, 764 చేసింది. విజయ్ మర్చంట్ 278 కొట్టాడు. హోల్కర్ తరఫున ఆడిన ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ డెనిస్ కాంప్టన్ 249 నాటౌట్‌గా నిలిచినా జట్టు 374 పరుగులతో ఓడింది.

ఆ మ్యాచ్‌లో సీఎస్ నాయుడు మొదటి ఇన్నింగ్స్‌లో 64.5 ఓవర్లు, రెండోసారి 88 ఓవర్లు వేశాడు. మొత్తం 917 బంతులు. 428 పరుగులిచ్చి 11 వికెట్లు తీశాడు. ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో ఇన్ని బంతులు వేసినవాళ్లు మరొకరు లేరు. రికార్డుల పుస్తకంలో అది ఘనత. కెప్టెన్ వైపు నుంచి చూస్తే కష్టం. బంతి వేస్తున్నది సొంత తమ్ముడు, ఆపకుండా వేయిస్తున్నది అన్న. సీఎస్ 11 టెస్టులు ఆడినా అతనికి దక్కినవి 2 వికెట్లే.

మరుసటి సీజన్‌లోనే హోల్కర్ తొలిసారి రంజీ గెలిచింది. 1947-48, 1950-51, 1952-53లోనూ గెలిచింది. ఈ నాలుగింటి వెనుక నాయుడి క్రమశిక్షణ ఉంది. సీఎస్‌తో పాటు చందూ సర్వతే, హీరాలాల్ గైక్వాడ్ లాంటి బౌలర్లు ఉన్న జట్టది. దేశం జట్టులో దొరకని బౌలింగ్ వరుస ఆయనకు ఇండోర్‌లో దొరికింది. అక్కడ ఆటగాళ్ల విషయంలో ఆయన మాట చెల్లింది.

యాభై ఎనిమిదేళ్ల వయసులో, 1953-54లో రంజీలో అడుగుపెట్టిన ఆంధ్ర జట్టుకు నాయకత్వం వహించారు. తర్వాత ఉత్తరప్రదేశ్ తరఫున అరవై దాటాక కూడా రంజీ ఆడారు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆ గౌరవం పొందిన తొలి క్రికెటర్ ఆయనే.

కథ మొదలైన చోటికే

1967 జూలైలో భారత్ ఎడ్జ్‌బాస్టన్‌లో టెస్టు ఆడింది. 1932లో నాయుడు కొట్టిన సిక్సర్ రీ నది దాటిందని చెప్పుకునే మైదానమే అది. జట్టులో నలుగురు గొప్ప స్పిన్నర్లున్నారు. కొత్త బంతి వేయడానికి పేసర్ లేడు. వికెట్‌కీపర్‌గా పేరున్న బుధి కుందేరన్‌తో బౌలింగ్ మొదలుపెట్టించారు. నిసార్, అమర్ సింగ్‌లతో మొదలైన జట్టు ముప్పై అయిదేళ్లలో అక్కడికి చేరింది. నాలుగు నెలల తర్వాత, నవంబర్ 14న, నాయుడు ఇండోర్‌లో కన్నుమూశారు. కపిల్ దేవ్ రావడానికి ఇంకా పదకొండేళ్లు పట్టింది.

2021 జనవరిలో బ్రిస్బేన్‌లో బుమ్రా, షమీ, ఉమేశ్, ఇషాంత్, అశ్విన్, జడేజా ఒక్కరూ అందుబాటులో లేరు. అయినా భారత్ గెలిచింది. రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీసిన హైదరాబాద్ బౌలర్ సిరాజ్‌కు అది మూడో టెస్టు. అంతకు ముందు ఒకే రంజీ సీజన్‌లో 41 వికెట్లు తీసి వచ్చినవాడు. ఢిల్లీకి ఆడే నవ్‌దీప్ సైనీ గాయంతో మధ్యలో తప్పుకున్నా మిగతావాళ్లు లాక్కొచ్చారు. ఆ ఆరుగురి వెనుక మరో వరుస ఉండబట్టే అది సాధ్యమైంది.

ఆ వరుస తయారయ్యేది రంజీ మైదానాల్లో, అండర్-23 మ్యాచ్‌లలో. జనక్‌పురి కుర్రాడు రేపు సీకే నాయుడు ట్రోఫీలో మూడో రోజు సాయంత్రం ఇరవయ్యో ఓవర్ వేస్తుంటే పెద్దగా చూసేవాళ్లు ఉండకపోవచ్చు. 1932లో అలాంటి కుర్రాళ్లు మరో నలుగురు ఉండి ఉంటే, అమర్ సింగ్ ఒక్కడే 72 ఓవర్లు వేయాల్సి వచ్చేది కాదు.