పెర్ల్ బక్ బిడ్డలూ, చైనా పేదలూ

తెలుగులో ‘సుక్షేత్రం’ పేరుతో వచ్చిన నవలను మన సంఘాల కార్యకర్తలు చాలామంది చదివే ఉంటారు. కాన్పయిన రోజునే మళ్లీ పొలంలోకి దిగే ఓలాన్ మన కూలి ఆడవాళ్లకు కొత్త మనిషేమీ కాదు. ఆ నవల రాసిన పెర్ల్ బక్ అమెరికా మనిషి. చైనాలో పెరిగింది, చైనాలోనే తన బిడ్డల్ని పెంచింది. ఆమె నవల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు గనుక, ఆ పెంపకం గురించి మేము నాలుగు మాటలు చెప్పదలిచాము.

ఆమె 1892 జూన్ 26న అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో పుట్టింది. తల్లిదండ్రులు చైనాలో మతప్రచారం చేసే మిషనరీలు. సెలవు మీద స్వదేశానికి వచ్చినప్పుడు ఈ బిడ్డ పుట్టింది. నెలల పిల్లగా ఉండగానే తిరిగి చైనా తీసుకుపోయారు. ఆ తల్లికి ఏడుగురు పిల్లలు. నలుగురు చిన్నతనంలోనే పోయారు. వాళ్లది ప్రహరీ గోడ ఉన్న ఇల్లు. నీళ్లు కాచి తాగేవారు, వైద్యుణ్ణి పిలిపించుకునే తాహతు ఉంది. అయినా రోగాలు గోడ దూకి లోపలికొచ్చాయి. గోడే లేని గుడిసెల్లో ఎందరు పోయారో లెక్క రాసిన వాళ్లెవరు?

యాంగ్‌ట్సీ నది ఒడ్డున చెన్‌చియాంగ్ పట్నంలో పెర్ల్ పెరిగింది. ఎత్తుకుని తిప్పింది, కథలు చెప్పింది వాంగ్ అనే ముసలి ఆయా. అందుకే ఇంగ్లీషుతో పాటే చైనా భాష కూడా ఆ పిల్లకు ఉగ్గుపాలతో వచ్చింది. ఇంటి వెనుక కొండవాలులో పారేసిన ఆడశిశువుల ఎముకలు కనబడితే, గుంట తీసి పూడ్చేదట ఆ చిన్నపిల్ల. కరువూ, పేదరికమూ, ఆడపిల్లంటే చిన్నచూపూ కలిసి చేసిన హత్యలవి. బొమ్మలతో ఆడుకునే వయసులో ఆమె చూసినవి ఇవి. 1900లో విదేశీయుల మీద బాక్సర్ల తిరుగుబాటు లేచింది. అప్పటిదాకా వచ్చిపోయే ఇరుగుపొరుగు రావడం మానేశారు. కుటుంబం షాంఘై వెళ్లి తలదాచుకుంది. తన తెల్లతోలు ఆ దేశంలో దేనికి గుర్తో ఆ పిల్లకు ఎనిమిదో ఏటనే తెలిసొచ్చింది.

అమెరికాలో కాలేజీ చదువు 1914లో ముగించి, జబ్బుపడ్డ తల్లిని చూసుకోవడానికి మళ్లీ చైనా వచ్చింది. 1917లో లాసింగ్ బక్ అనే వ్యవసాయ నిపుణుణ్ణి పెళ్లాడింది. కాపురం అన్‌హుయ్ రాష్ట్రంలోని నాన్‌షూచౌలో. భర్త రైతుల్ని పొలాల లెక్కలు అడుగుతుంటే ఈమె ఆ ఇళ్ల ఆడవాళ్లతో కూర్చునేది. ఆయన 2,866 పొలాల వివరాలు సేకరించి 1930లో పుస్తకం వేశాడు. పనికొచ్చే పుస్తకమే. కానీ రైతు పేదరికానికి సేద్యం తీరును కారణంగా చూసినంతగా కౌలునూ, భూస్వామినీ చూడలేదని విమర్శ ఉంది. అది సరైన విమర్శేనని మా అభిప్రాయం.

1920లో పెద్దకూతురు క్యారల్ పుట్టింది. ఆ కాన్పు తర్వాత పెర్ల్‌కు గర్భసంచి తీసేశారు. బిడ్డ అందంగా ఉంది, కానీ మూడేళ్లొచ్చినా మాట రాలేదు. తల్లి ఆ పిల్లను చంకనేసుకుని చైనాలోనూ, తర్వాత అమెరికాలోనూ ఆసుపత్రుల చుట్టూ తిరిగింది. చివరికి ఒక వైద్యుడు ఈ పిల్ల బుద్ధి ఎదగదని ఉన్నమాట చెప్పేశాడు. అది పుట్టుకతో వచ్చే జబ్బు. తిండిలోని మాంసకృత్తుల్లో ఒక భాగాన్ని శరీరం అరిగించుకోలేక, అది పేరుకుపోయి మెదడును పాడుచేస్తుంది. తల్లి ఏ పాపమూ చేయలేదు, ఏ గాలీ సోకలేదు. ఈ జబ్బును 1934లో నార్వే వైద్యుడొకరు గుర్తించాడు. 1960ల మొదట్లో, పుట్టిన బిడ్డ మడమ నుంచి నెత్తురు చుక్క తీసి కనిపెట్టే పరీక్ష వచ్చింది. ముందే తెలిస్తే తిండి మార్చి బిడ్డను కాపాడుకోవచ్చు. మన పేటల్లో ఇలాంటి పిల్లల్ని పిచ్చిదనీ, మొద్దనీ పిలిచేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. ప్రతి బిడ్డకూ సర్కారే ఆ పరీక్ష చేయించాలని మనం అడగాలి కూడా.

1925లో అమెరికాలో సెలవులో ఉండగా జానిస్ అనే పసిపాపను పెంపకం తెచ్చుకుంది. ఇద్దరు పిల్లలతో నాన్‌కింగ్ యూనివర్సిటీ ఇంట్లో ఉండగా 1927 మార్చి 24 వచ్చింది. జాతీయ సైన్యం నగరంలోకి ప్రవేశించింది. కొందరు సైనికులూ, గుంపులూ విదేశీయుల ఇళ్ల మీద పడ్డారు, కొందరిని చంపారు. నదిలో ఉన్న బ్రిటిష్, అమెరికా యుద్ధనౌకలు నగరం మీద ఫిరంగులు పేల్చాయి. ఆ గుండ్లకు పోయిన చైనా వాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ గట్టిగా వినబడవు. ఆ రోజున పెర్ల్‌నూ, భర్తనూ, ముసలి తండ్రినీ, చెల్లెలి కుటుంబాన్నీ, పిల్లల్నీ దాచిపెట్టింది ఎవరు? వాళ్ల ప్రహరీ పక్కన గుడిసెలో ఉండే ఒక పేదరాలు. అంతకుముందు కష్టకాలంలో పెర్ల్ ఆమెకు సాయం చేసింది. ఆ చీకటి గదిలో ఏడేళ్ల క్యారల్, రెండేళ్ల జానిస్ కిక్కురుమనకుండా పగలంతా గడపాలి. పట్టుబడితే ఆ పేదరాలి ప్రాణానికే ముప్పు. ఫిరంగులున్న దేశపు పిల్లలకు ఆనాడు అండ ఆ గుడిసే.

మా ఆకివీడు వైపు నాట్లకు పోయే తల్లి గట్టుమీద చెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి చంటిదాన్ని పడుకోబెడుతుంది. తెల్లారుజామున రొయ్యల షెడ్డుకు పోయే తల్లికి ఆ గట్టు కూడా లేదు, పెద్దపిల్లను బడి మాన్పించి కాపలా పెట్టాలి. పెర్ల్ బక్‌కు ఆయాలుండేవారు, అందుకే రాసుకునే తీరిక దొరికింది. ఆమెను తక్కువచేయడానికి అనడం లేదు. ఆయాల కష్టం కూడా లెక్కలోకి రావాలని అంటున్నాం.

1929లో క్యారల్‌ను అమెరికాలో వైన్‌లాండ్ అనే చోట ఇలాంటి పిల్లల బడిలో వదిలి, చైనా తిరిగొచ్చింది. ఆ బడి ఖర్చులకు డబ్బు కావాలి. నాన్‌కింగ్ ఇంటి అటకమీది గదిలో కూర్చుని రాసిన నవలే 1931లో వచ్చిన ‘సుక్షేత్రం’. అందులో ఓలాన్‌కు పుట్టిన మాటరాని పిల్ల ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. 1938లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈమె చైనాను పైపైన చూసిన మిషనరీ స్త్రీ అని మహారచయిత లూ సున్ పెదవి విరిచాడు. నిజమే, పోరాడే రైతు ఆమె నవలలో కనబడడు. అయితే మిషనరీల అహంకారాన్ని ఆమె 1932లో న్యూయార్క్ సభలోనే ఎండగట్టింది, మరుసటేడు ఆ ఉద్యోగం వదులుకుంది.

1934లో చైనా వదిలిపోయింది, మళ్లీ చూడలేదు. జాతి కలిసిన పిల్లలను ఎవరూ పెంచుకోకపోతే, వాళ్లకు ఇళ్లు చూపడానికి 1949లో వెల్‌కం హౌస్ స్థాపించింది. 1950లో క్యారల్ కథను దాచకుండా పుస్తకంగా రాసింది. 1972లో చైనా వెళ్లాలని అడిగితే అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. 1973 మార్చి 6న చనిపోయింది. సమాధిరాయి మీద పేరు చైనా అక్షరాల్లో ఉంటుంది. క్యారల్ 1992లో పోయేదాకా వైన్‌లాండ్‌లోనే బతికింది.